నసావు: సముద్రపు దొంగలు ఏలిన రేవు

1695 సెప్టెంబరులో మక్కా యాత్ర ముగించుకుని సూరత్‌కు తిరిగొస్తున్న గంజ్-ఎ-సవాయి అనే పెద్ద ఓడను హెన్రీ ఎవరీ అనే ఇంగ్లిషు సముద్రపు దొంగ పట్టుకున్నాడు. ఓడ ఔరంగజేబుది. ఎనిమిదేళ్ల కిందటే గోల్కొండను లొంగదీసుకున్న పాదుషాకు నడిసముద్రంలో సొంత ఓడను, అందులోని యాత్రికులను కాపాడుకోవడం చేతకాలేదు. దొంగలు రోజుల తరబడి యాత్రికులను హింసించారు, ఆడవాళ్లను చెరిచారు, ఉన్న బంగారం, వెండి అంతా ఊడ్చుకుపోయారు. ఆ కోపం సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల మీద పడింది. మొగలు అధికారులు వాళ్లను సంకెళ్లు వేసి నిర్బంధించారు. ఈ కథ మన చరిత్ర పుస్తకాల్లో ఇంతవరకు కనిపిస్తుంది. ఆ సొత్తు తర్వాత ఏ ఒడ్డుకు చేరిందో మాత్రం అంతగా ఎవరూ చెప్పరు.

అది అట్లాంటిక్ దాటి 1696 వసంతంలో బహామా దీవుల్లోని నసావు రేవుకు చేరింది. ఎవరీ పేరు మార్చుకుని గవర్నరు నికొలస్ ట్రాట్‌కు బేరం పంపాడు. నావికుడికి ఇరవై చొప్పున, కెప్టెన్ వాటాగా నలభై స్పానిష్ వెండి నాణేలు ఇస్తామన్నాడు. వాటితోపాటు టన్నుల కొద్దీ ఏనుగు దంతాలు, వంద పీపాల తుపాకిమందు, చివరికి ఓడ కూడా గవర్నరుకే. ట్రాట్ ఒప్పుకున్నాడు. దొంగలు ఊళ్లో కొన్నాళ్లు తిరిగి, తలో దిక్కుకూ జారుకున్నారు. ఎవరీ ఎప్పటికీ దొరకలేదు. మన తీరానికి రావలసిన ఓడ మీద దోచిన సొమ్ము ఆ రేవుకు ఒక సంగతి నేర్పింది: ఇక్కడ అధికారం అమ్ముడుపోతుంది. మరో పదేళ్లకు ఆ అధికారం కూడా లేకుండా పోయింది.

సినిమాల్లో, వీడియో గేముల్లో సముద్రపు దొంగల కోట అంటే కొండ మీద బురుజులు, గుహల నిండా పెట్టెలు కనిపిస్తాయి. ‘బ్లాక్ సెయిల్స్’ సీరియల్, ‘అసాసిన్స్ క్రీడ్’ ఆటలో ఒక భాగం నసావు పేరు మీదే నడుస్తాయి. అసలు నసావు కోట సగం కూలిన కోట. ఊరికి రక్ష రేవు అమరికే. న్యూ ప్రావిడెన్స్ దీవికి ఉత్తరాన, దానికి సమాంతరంగా హాగ్ ఐలండ్ అనే సన్నని దీవి ఉంది. ఇప్పుడు దాన్ని ప్యారడైజ్ ఐలండ్ అంటున్నారు. రెండింటి మధ్య నీళ్లే రేవు. అందులోకి రెండు దారులు. లోతు తక్కువ కాబట్టి పెద్ద యుద్ధనౌకలు వెనకాడేవి, దొంగలు వాడే చిన్న స్లూప్ ఓడలు మాత్రం సులువుగా దూరిపోయేవి. ఒక దారి మూసుకుపోతే రెండో దారిన బయటపడగలిగేవి. పైగా ఫ్లోరిడా, క్యూబా పక్కగా యూరప్‌కు వెళ్లే సరుకు ఓడలన్నీ ఈ దీవుల చుట్టుపక్కల నుంచే పోవలసి వచ్చేది.

1703లో, మళ్లీ 1706లో ఇంగ్లండుతో యుద్ధంలో ఉన్న స్పెయిన్, ఫ్రాన్స్ సేనలు వచ్చి ఊరిని తగలబెట్టాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంగ్లండు నుంచి గవర్నరు రాలేదు. మిగిలిన కొద్దిమంది అడవుల్లో, పక్క దీవుల్లో తలదాచుకుని బతికారు. ఇంతలో 1713లో యూరప్‌లో సంధి కుదిరింది. యుద్ధం ముగిసిందని రాజులు సంతోషించారు గానీ, నావికులకు కూడు పోయింది. యాభై వేల దాకా ఉన్న ఇంగ్లిషు నౌకాదళం రెండు మూడేళ్లలో పదమూడు వేలకు దిగింది. వ్యాపార ఓడల్లో జీతం సగానికి పడిపోయింది. యుద్ధకాలంలో రాజు ఇచ్చిన పట్టాతో శత్రువుల ఓడలు దోచిన ప్రైవేటీర్లకు ఆ పట్టా చెల్లకుండా పోయింది. వాళ్లకు తెలిసిన పని ఒక్కటే. నిన్నటిదాకా దేశసేవ అనిపించుకున్న పనే ఇవాళ ఉరిశిక్ష పడే నేరమైంది. నసావును పుట్టించింది దురాశ ఒక్కటే అనుకుంటే ఈ ముప్ఫై వేలకు పైగా మందిని మర్చిపోయినట్టే.

అలా వచ్చినవాళ్లలో బెంజమిన్ హార్నిగోల్డ్ ముఖ్యుడు. 1713లో కొందరితో కలిసి పొడవాటి పడవల్లో వెళ్లి క్యూబా తీరంలో స్పానిష్ వాళ్లను దోచుకోవడం మొదలుపెట్టాడు. ఈ ముఠా తమకు తాము ఫ్లయింగ్ గ్యాంగ్ అని పేరు పెట్టుకుంది. ఊళ్లో థామస్ వాకర్ అనే పాత న్యాయాధికారి ఒక్కడే వీళ్లను పట్టుకోవాలని చూశాడు. ఒకణ్ని పట్టుకున్నాడు కూడా. హార్నిగోల్డ్ వచ్చి ఇల్లు తగలబెడతానని బెదిరించి అతణ్ని విడిపించుకుపోయాడు. ఇంకోపక్క థామస్ బారో అనేవాడు తానే గవర్నరునని చాటుకుంటూ ఈ దీవిని సముద్రపు దొంగలకు రెండో మడగాస్కర్‌గా మారుస్తానన్నాడు. వాకర్ చివరికి కుటుంబంతో సహా ఊరు వదిలిపోయాడు. ఇక అడిగేవాడు లేడు. ఆడింది ఆట, పాడింది పాట.

1715 జులై చివర్లో ఫ్లోరిడా తీరాన పెనుతుపానులో స్పెయిన్ ఖజానా ఓడలు పదకొండు బద్దలై మునిగాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల వెండి నాణేలు లోతు తక్కువ నీళ్లలో పడ్డాయి. ఆ కబురు కరీబియన్ అంతటా పాకింది. జమైకా నుంచి హెన్రీ జెన్నింగ్స్ అనే ప్రైవేటీరు బయలుదేరాడు. నీళ్లలో మునిగి వెతకడం అతనికి అనవసరం అనిపించింది. స్పానిష్ వాళ్లు తీసి ఒడ్డున పోగుచేసిన గుడారాల మీదే పడి, దాదాపు లక్షా ఇరవై వేల నాణేలు పట్టుకుపోయాడు. అతని దగ్గర జమైకా గవర్నరు ఇచ్చిన పత్రం ఉంది. అందులో సముద్రపు దొంగల్ని పట్టుకోమని రాసి ఉంది.

జెన్నింగ్స్ రాకతో నసావుకు ఇద్దరు పెద్దలయ్యారు. ఒకే ఒరలో రెండు కత్తులు. జెన్నింగ్స్ ఆస్తిపరుడు, తాను దొంగను కానని, పట్టా ఉన్న ప్రైవేటీరునని చివరిదాకా అనుకున్నవాడు. హార్నిగోల్డ్ కింది నుంచి వచ్చినవాడు. హార్నిగోల్డ్ పట్టుకొచ్చిన ఒక స్పానిష్ స్లూప్‌ను రేవులోనే జెన్నింగ్స్ లాగేసుకున్నాడు. ఆ బాకీ 1716 ఏప్రిల్‌లో, క్యూబాలోని బయా హోండాలో తీరింది. అక్కడ ఒక ఫ్రెంచి ఓడను జెన్నింగ్స్ మనుషులు పట్టుకున్నారు. నిండా డబ్బు. ఇంతలో దగ్గర్లో ఇంకో ఫ్రెంచి ఓడ ఉందని తెలిసి జెన్నింగ్స్ దాని వెంట పడ్డాడు. అక్కడికి వెళ్లేసరికి హార్నిగోల్డ్ దాన్ని ముందే తన్నుకుపోయాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి మొదటి ఓడలో డబ్బు లేదు. సాయానికి పెట్టుకున్న శామ్యూల్ బెల్లమీ, పాల్స్‌గ్రేవ్ విలియమ్స్ అనే ఇద్దరు కుర్ర నాయకులు నాణేల సంచులు పడవలోకి దించుకుని మాయమయ్యారు. వెళ్లి చేరింది హార్నిగోల్డ్ పక్షంలోనే.

హార్నిగోల్డ్‌కు మాత్రం ఒక నియమం ఉంది. ఇంగ్లిషు ఓడల జోలికి పోడు. పాత యుద్ధం ఇంకా నడుస్తున్నట్టే, స్పెయిన్, ఫ్రాన్స్ ఓడల మీదే పడతాడు. ఆ పట్టింపు కింది నావికులకు నచ్చలేదు. జీతాలు ఎగ్గొట్టింది, కొరడాలతో కొట్టింది ఇంగ్లిషు యజమానులే కదా అన్నది వాళ్ల లెక్క. 1716 వేసవిలో ఓటు పెట్టారు. హార్నిగోల్డ్ ఓడిపోయాడు. ఇరవై ఆరు మందితో ఒక చిన్న ఓడ ఎక్కి వెళ్లిపోవలసి వచ్చింది. తొంభై మంది బెల్లమీని కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. రక్తం చిందలేదు. ఈ ఒక్క సంఘటన చాలు, ఆ ఓడల్లో ఎలాంటి ఏర్పాటు ఉండేదో తెలియడానికి. నావికులు కెప్టెన్‌ను ఓటుతో ఎన్నుకునేవారు, ఓటుతోనే దించేవారు. వెంటాడేటప్పుడు, పోరాడేటప్పుడు మాత్రమే అతని మాటకు ఎదురులేదు. మిగతా వేళల్లో వాటాలు పంచే, తగవులు తీర్చే పని క్వార్టర్ మాస్టర్‌ది. కెప్టెన్‌కు వాటా మామూలు నావికుడి వాటాకు రెట్టింపు మించదు. నౌకాదళంలో, సరుకు ఓడల్లో కెప్టెన్ నియంత. ఆ రోజుల్లో ఇంగ్లండులో కూలి నావికుల్లో ఎక్కువ మందికి ఓటు హక్కు లేదు.

అంతమాత్రాన ఆ ఊరిని స్వేచ్ఛారాజ్యం అని కీర్తించడం నాకు సమ్మతం కాదు. నల్లజాతి నావికులు కొన్ని ఓడల్లో సమాన వాటా పొందిన మాట నిజం. దొరికిన బానిసలను సరుకులా అమ్ముకున్న మాట కూడా అంతే నిజం. ఓటు ఓడ ఎక్కినవాళ్లదే. ఓడ కింద అరలో గొలుసులతో ఉన్నవాళ్లకు లేదు. గంజ్-ఎ-సవాయి మీద ఆడవాళ్లు పడిన బాధ కూడా ఈ ‘స్వేచ్ఛ’ లెక్కలోనిదే.

1717 సెప్టెంబరు 5న మొదటి జార్జి రాజు ఒక ప్రకటన చేశాడు. ఏడాదిలోగా లొంగిపోయిన సముద్రపు దొంగలకు క్షమాభిక్ష. వచ్చే జనవరి 5కు ముందు చేసిన దొంగతనాలన్నీ మాఫీ. ఆ ఏడాది చివర్లో కబురు నసావుకు చేరింది. ఊరు నిలువునా చీలింది. నా దృష్టిలో నసావు పతనం ఆ రోజే మొదలైంది. ఎందుకంటే బీట అప్పటికే ఉంది. ఆస్తి, పరువు, ఇల్లు ఉన్నవాళ్లు ఒకవైపు. ఎక్కడికి వెళ్లినా కూలీగానే బతకాల్సినవాళ్లు రెండోవైపు. రాజుగారి కాగితం సరిగ్గా ఆ బీటలోనే ఉలి పెట్టింది. జెన్నింగ్స్ బెర్ముడా వెళ్లి లొంగిపోయాడు. హార్నిగోల్డ్ కూడా ఒప్పుకున్నాడు. పాత ప్రత్యర్థులిద్దరూ ఒకే పక్షం అయ్యారు.

అవతలి పక్షానికి నాయకుడు చార్లెస్ వేన్. జెన్నింగ్స్ దగ్గర పెరిగినవాడే. రాజద్రోహం దాచుకోడు. జార్జి రాజు నాశనం కావాలంటూ మద్యం తాగేవాడని అతని చేతిలో దోపిడీకి గురైన నావికులు సాక్ష్యం చెప్పారు. 1718 ఫిబ్రవరిలో కెప్టెన్ విన్సెంట్ పియర్స్ ‘ఫీనిక్స్’ యుద్ధనౌకతో వచ్చి, క్షమాభిక్షకు ఒప్పుకున్న 209 మంది పేర్లు రాసుకున్నాడు. దారిలోనే వేన్‌ను ఓడతో సహా పట్టుకున్నాడు కూడా. వదిలేస్తే మిగతావాళ్లకు నమ్మకం కలుగుతుందని హార్నిగోల్డ్ వర్గం చెప్పడంతో వదిలేశాడు. వేన్ మళ్లీ దోపిడీకి దిగాడు. జులై నాటికి రేవు అతని గుప్పిట్లో ఉంది.

1718 జులై 24న కొత్త గవర్నరు వుడ్స్ రోజర్స్ ఓడల దండుతో వచ్చాడు. తానూ ఒకప్పటి ప్రైవేటీరే. ప్రపంచం చుట్టివచ్చి, దారిలో నిర్జన దీవిలో చిక్కుకున్న అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే నావికుణ్ని తీసుకొచ్చినవాడు. ఆ రాత్రి వేన్ తాను పట్టుకున్న ఫ్రెంచి ఓడకు నిప్పుపెట్టి గవర్నరు ఓడల మీదికి వదిలాడు. అందులోని నిండు ఫిరంగులు ఒకదాని తర్వాత ఒకటి పేలుతుంటే ‘రోజ్’ యుద్ధనౌక లంగరు తాళ్లు నరుక్కుని బయటపడింది. తెల్లవారేసరికి వేన్ తూర్పు దారిలోని తక్కువ లోతు నీళ్ల మీదుగా, నల్లజెండా ఎగరేసి తుపాకులు పేలుస్తూ తప్పించుకున్నాడు. మూడు రోజుల తర్వాత రోజర్స్ ఒడ్డున కాలుపెట్టినప్పుడు పాత దొంగలు మూడు వందల మంది దాకా రెండు వరసల్లో నిలబడి గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం చెప్పారు. వాళ్లలో హార్నిగోల్డ్ కూడా ఉన్నాడు.

స్వాగతం ఘనంగానే జరిగింది, తర్వాత మాత్రం కష్టాలే. జ్వరాలు వచ్చి గవర్నరుతో వచ్చినవాళ్లలో ఎనభై మందికి పైగా పోయారు. ఒడ్డున కుళ్లిన పశుచర్మాల కంపే కారణమని రోజర్స్ నమ్మాడు. వెంట వచ్చిన యుద్ధనౌకలు కొన్ని వారాల్లోనే వెళ్లిపోయాయి. స్పెయిన్ దాడి భయం ఒకటి, వేన్ తిరిగొస్తాడన్న భయం ఇంకొకటి. అప్పుడు రోజర్స్ దొంగ చేతికే తాళాలిచ్చాడు. వేన్‌ను పట్టుకోమని హార్నిగోల్డ్‌ను పంపాడు. వారాలు గడిచినా అతని జాడ లేకపోతే, వాడూ వేన్‌తో కలిశాడని ఊరంతా అనుకుంది. హార్నిగోల్డ్ తిరిగొచ్చాడు. వేన్ దొరకలేదు గానీ, క్షమాభిక్ష తీసుకుని మళ్లీ దొంగతనానికి దిగిన కొందరిని ఆ తర్వాత పట్టుకొచ్చాడు.

1718 డిసెంబరు 9, 10 తేదీల్లో విచారణ. 12న ఉరి. కోట గోడ కింద సముద్రం ఒడ్డున ఉరికంబం, దాని మీద నల్లజెండా. ఉరితీసింది ఎనిమిది మందిని. డెనిస్ మెకార్తీ అనే యువకుడు మెడకు, మణికట్లకు, మోకాళ్లకు, టోపీకి నీలం రిబ్బన్లు కట్టుకొచ్చాడు. ఈ దీవిలో తనను కుక్కచావు చావనివ్వని ధైర్యవంతులు ఒకప్పుడు చాలామంది ఉండేవాళ్లని జనంతో అన్నాడు. చెప్పులతోనే చస్తావని స్నేహితులు అనేవాళ్లట, ఆ మాట అబద్ధం చేయాలని చెప్పులు విదిలించి జనంలోకి విసిరాడు. విలియమ్ లూయిస్ తోటివాళ్లతో కలిసి తాగడానికి మద్యం అడిగాడు. ఇప్పుడు నీళ్లే మేలని పక్కవాడు మందలించాడు. చూస్తున్నది మూడు వందల మంది, ఎక్కువ మంది ఏడాది కిందట వీళ్లతో కలిసి ఓడలెక్కినవాళ్లే. కాపలా వంద మందే. ఒక్కరూ కదల్లేదు.

ఆ ఉదయంతో నసావులో సముద్రపు దొంగల ప్రాబల్యం ముగిసింది. మిగిలినదంతా పరారీలో ఉన్నవాళ్ల కథ. వేన్‌ను అతని మనుషులే, ఓటుతోనే, అంతకుముందే నవంబరులో దించేశారు. ఒక ఫ్రెంచి యుద్ధనౌకతో తలపడనన్నందుకు పిరికివాడని ముద్రవేసి జాక్ రాకమ్‌ను ఎన్నుకున్నారు. రాకమ్‌ను 1720లో, వేన్‌ను 1721లో జమైకాలో ఉరితీశారు. గెలిచిన రోజర్స్‌కు దక్కింది కూడా గొప్పదేమీ కాదు. కోటకు, సైన్యానికి పెట్టిన సొంత డబ్బును ప్రభుత్వం తిరిగి ఇవ్వలేదు. లండన్‌లో అప్పుల జైలు పాలయ్యాడు. తర్వాత మళ్లీ గవర్నరుగా వచ్చి 1732లో నసావులోనే చనిపోయాడు.

సముద్రపు దొంగలను తరిమి వ్యాపారాన్ని నిలబెట్టామన్న అర్థమిచ్చే లాటిన్ వాక్యం 1973లో స్వాతంత్ర్యం రాకముందు చాలాకాలం బహామాస్ రాజముద్ర మీద ఉండేది. అది సగమే నిజం. తరిమింది వేన్‌లాంటి కొద్దిమందిని. ఎక్కువ మంది దొంగలకు ఇంగ్లిషు రాజ్యం మాఫీ ఇచ్చి ఊళ్లోనే ఉంచుకుంది, వాళ్ల చేతనే ఊరికి కాపలా కాయించుకుంది.