సమర్‌కంద్ రొట్టె ముచ్చట

సమర్‌కంద్‌ల రొట్టెను బోర్లేసి పెట్టరు బిడ్డా. కత్తితోని కొయ్యరు, చేతితోనే విరుస్తరు. ముక్క కింద పడితె తీసి, ఎవ్వలూ తొక్కకుంట ఎత్తు జాగల పెడ్తరు, పిట్టలన్న తింటయని. కొడుకు మిలట్రీకి పోతుంటె గడప దాటేముందు రొట్టె అంచున ఒక్క కొరుకు కొరికిపిస్తరు. మిగిలిన రొట్టెను గోడకు తగిలేస్తరు. వాడు ఇంటికొచ్చిందాక దాన్ని ఎవ్వలూ ముట్టరు. మేం దిగిన ఇంట్ల గసొంటి రొట్టె ఒకటి గోడకు ఉండె. ఎండి ఎండి గట్టివడ్డది. ఆ ఇంటి తల్లి పొద్దుగాల లేవంగనే మెత్తటి బట్టతోని దాని మీది దుమ్ము తుడిచేది. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. అయినా ఆ తుడుసుడు చూస్తె, కొడుకు ఇంకా దూరమే ఉన్నడని సమజైంది.

ఇయ్యాల గా ముచ్చటే చెప్త. కట్టెలు జర ఎగదోసి, ఇట్ల దగ్గరికి జరగుండ్రి.

మీ తాత సర్కారు బళ్లె హిస్టరీ సారు గద. తైమూరు, బాబరు పాఠాలు చెప్పీ చెప్పీ, పెన్షన్ అయినంక “వాళ్లు పుట్టి పెరిగిన దేశం ఒక్కపారి చూసొద్దాం నడువు” అన్నడు. కోడలు ఊకోలేదు, ఇంత వయసుల గంత దూరమా అన్నది. మేం మాత్రం కాళ్లల్ల సత్తువ ఉన్నప్పుడే పోవాలెనని ఉజ్బెకిస్తాన్‌కు బయిల్దేరినం. గుంపుల పోలేదు. ఒక్కొక్క ఊర్ల మనసు నిండేదాక ఉన్నం. ఎండలు తగ్గి, ద్రాక్ష, దానిమ్మ, కర్బూజ బజార్ల రాసులు పోసే కాలమది.

విమానం తాష్కెంట్‌ల దిగింది. నాకు తాష్కెంట్ అంటె మా నాయన రేడియో యాదికొస్తది. 1966 జనవరి 10న మన లాల్ బహదూర్ శాస్త్రి, పాకిస్తాన్ అయూబ్ ఖాన్ అక్కడ ఒప్పందం మీద సంతకాలు చేసిన్రు. అదే రాత్రి అర్ధరాత్రి దాటినంక శాస్త్రి గారు కన్నుమూసిన్రు. ఆ వార్త విని మా నాయన తినకుంటనే పొలం పోయిండు, గంత పెద్దమనిషని నాకప్పుడే తెల్సింది. ఆ ఊర్ల శాస్త్రి పేరు మీద వీధి ఉంది, విగ్రహం ఉంది. పూలు పెట్టి దండం పెట్టుకున్నం. ఆ యేడే ఏప్రిల్ 26న భూకంపం వచ్చి పాత తాష్కెంట్ చానవరకు కూలింది. మూడు లక్షల మందికి నిలువ నీడ లేకుంటపోయింది. అందుకే ఇప్పుడున్నది చాన మట్టుకు కొత్త ఊరు. పాత ఊర్లు చూడాలంటె రైలెక్కాలె. 2011 నుంచి రెండు గంటల్ల సమర్‌కంద్ చేర్చే స్పీడు రైలు నడుస్తుంది గని, మేం పోయిన్నాడు అది లేదు. పత్తి చేన్లు చూసుకుంట నిమ్మళంగ పోయినం.

సమర్‌కంద్‌ల రెగిస్తాన్ అని పెద్ద మైదానం. మూడు దిక్కుల మూడు మదర్సాలు. మొదటిది తైమూరు మనవడు ఉలుగ్ బేగ్ 1420 నాటికి కట్టిచ్చిండు. మిగిలిన రెండు రెండు వందల ఏండ్ల తర్వాతవి. మీ తాత ఉలుగ్ బేగ్ పేరు చెప్తె చాలు, లేచి నిలవడ్తడు. రాజై ఉండి చుక్కలు లెక్కవెట్టిండు బిడ్డా ఆయన. వెయ్యికి పైగ చుక్కల జాగలు పట్టికేసిండు. గుట్ట మీద పెద్ద వేధశాల కట్టిచ్చిండు. 1449ల కన్నకొడుకే చంపించిండు. అటెన్క వేధశాల కూలిపోయి, ఎక్కడుందో కూడ మర్సిన్రు. 1908ల తవ్వితె మట్టిల వంపు తిరిగిన రాతి కొలతబద్ద బయటపడ్డది. మన దేశంల జంతర్ మంతర్లు కట్టిచ్చిన జైసింగ్ రాజు కూడ ఉలుగ్ బేగ్ పట్టికలు ముందల పెట్టుకున్నోడే. ఆ గుంత కాడ నిలవడి మీ తాత శానసేపు మాట్లాడలేదు.

రెగిస్తాన్‌కెల్లి నడుచుకుంట పోతె బీబీ ఖానమ్ మసీదు. 1398ల తైమూరు ఢిల్లీ మీద పడి దోచుకున్న సంగతి చదివిన్రు గద. మరుసటేడే ఈ మసీదు మొదలు పెట్టిచ్చిండు. రాళ్లు మోయనీకె మన దేశంకెల్లి తోలుకపోయిన ఏనుగులను పెట్టిండంటరు. తొందర తొందరగ, గంత ఎత్తుల లేపేసరికి, కట్టిన కొన్నేండ్లకే పెళ్లలు రాలుడు షురువైంది. ఇప్పుడు మనం చూసేది తర్వాత నిలవెట్టింది.

దాని పక్కపొంటే సియాబ్ బజారు. రొట్టెలమ్మే ఆడోళ్లు వరుసగ కూసుంటరు. రొట్టె ఎట్ల కాలుస్తరో చూడాలెనని పొద్దు పొడవకముందే ఒక తందూరి కాడికి పోయిన. రొట్టెలాయన పిండి ముద్దను చేతులతోని గుండ్రంగ సాపి, అంచు మందంగ ఉంచి, నడుమ మొలలున్న కట్టె అచ్చుతోని పొడిచిండు. పువ్వు లెక్క అచ్చు పడ్డది. ఆ పొడుసుడుతోని నడుమ పొంగదు, అంచే పొంగుతది. పైన నువ్వులు జల్లి, గుండ్రటి మెత్త మీద వేసుకొని, నడుము దాక తందూరిల వంగి లోపలి గోడకు తాపిండు. నీళ్లు జల్లంగనే కమ్మటి ఆవిరి కొట్టింది. రొట్టె తీసినంక బరువుంటది, పైన నిగనిగలాడ్తది. వాళ్లొక కథ చెప్పుకుంటరు. బుఖారా అమీరు సమర్‌కంద్ రొట్టెలాయనను తెప్పిచ్చుకొని, పిండి, నీళ్లు కూడ అక్కడియే తెప్పిచ్చిండంట. రొట్టె ఆ రుచి రాలే. “సమర్‌కంద్ గాలి తేలేకపోయిన దొరా” అన్నడంట ఆయన.

వాడకట్టుల పెండ్లి ఉంటె మమ్ముల కూడ పిలిచిన్రు. పెండ్లికి ముందు రాత్రి ఇరుగుపొరుగోళ్లు కూడి బస్తాలకొద్ది క్యారెట్లు తరుగుతరు. మీ తాతకు కూడ ఒక కత్తి ఇచ్చిన్రు. తెల్లారి కజాన్ అనే పెద్ద గుండిగల పలావు. ముందు నూనెల మాంసం, ఉల్లిగడ్డ, దాని మీద సన్నగ పొడుగ్గ తరిగిన క్యారెట్లు, జీలకర్ర, నీళ్లు, అటెన్క బియ్యం. బియ్యం వేసినంక గంటె పెట్టి కలపరు. సమర్‌కంద్‌ల వడ్డించేటప్పుడు కూడ పొరలు చెడగొట్టరు. కింద అన్నం, దాని మీద క్యారెట్, పైన మాంసం. మన బిర్యానీకి మసాలా ప్రాణమైతె, వాళ్లకు క్యారెట్ తీపే ప్రాణం. ఈ పలావు సంప్రదాయాన్ని 2016ల యునెస్కో తన జాబితాల ఎక్కిచ్చింది. పొద్దుగాల నమాజు అయినంక వందలమంది వచ్చి, తిని, దువా చేసి, పనులకు పోయిన్రు.

సమర్‌కంద్‌కెల్లి బుఖారా పోయినం. అక్కడ చాయ్ మర్యాద నేర్చుకున్నం. ఆ ఊర్ల కల్యాన్ మీనారు 1127ల కట్టింది. 1220ల చెంగిజ్ ఖాన్ ఊరును నాశనం చేసినా అది నిలిచింది. దాన్ని చూసి, లాబి హౌజ్ అనే పాత కొలను ఒడ్డున మల్బరీ చెట్ల కింద మంచమసొంటి అరుగుల మీద కూసునేది. పచ్చ చాయ్ కాసి, మొదట గిన్నెల పోసి మళ్ల కూజల పోస్తరు. మూడుసార్లు గట్ల తిప్పినంకనే ఇస్తరు. గిన్నె నిండ పొయ్యరు. సగం కంటె తక్కువ పోస్తె, “ఇంకా కూసో, మళ్ల పోస్త” అన్నట్టు. నిండ పోస్తె, ఇగ లేవమన్నట్టు. మాకెన్నడూ నిండ పోయలేదు.

అక్కడికెల్లి కారుల కిజిల్‌కుమ్ ఎడారి దాటి, ఖీవా. మట్టిగోడల నడుమ ఊరికి ఊరే చరిత్ర. జుమా మసీదుల రెండు వందలకు పైన చెక్కుడు కట్టె స్తంభాలు, వేరువేరు కాలాలవి. కోట బయట అల్ ఖ్వారిజ్మీ విగ్రహం. మీరు బళ్లె నేర్చే ఆల్జీబ్రాకు దారేసిన పెద్దమనిషి. ఆ ఊర్ల సోయకూర రసంతోని పిండి కలిపి పచ్చటి సేమియా చేస్తరు. దాని మీద ఆలుగడ్డ, మాంసం కూర, పక్కన పెరుగు. నాకు మస్తు నచ్చింది. వండిన ఆమె నా చేతులు పట్టుకొని పిండి పిసుకుడు చూపెట్టింది.

గిదంత ఎందుకు చెప్తున్న? కోటను చూస్తె ఎవలు ఏలిన్రో తెలుస్తది. పొయ్యి కాడ కూసుంటె ఎట్ల బతికిన్రో తెలుస్తది. తైమూరు తొందరవడి కట్టింది కూలింది. దాని పక్కన ఆ రొట్టెలాయన, పొద్దు పొడవకముందే లేచి, తండ్రి కాడ నేర్చింది తప్పకుంట చేసి, బతుకుతున్నడు. ఊరంటె రెండూ. మొదటిదే చూసి వస్తె సగమే చూసినట్టు.

ఇంకొక మాట. సమర్‌కంద్ మనకు పరాయిది కాదు. మొదటి నిజాం తాత కిలిచ్ ఖాన్ సమర్‌కంద్ దిక్కు మనిషే. ఔరంగజేబు ఫౌజుల 1687ల గోల్కొండ మీదికి వచ్చి, ముట్టడిల గాయపడి ఇక్కడనే సచ్చిపోయిండు. ఆయన గోరీ హైదరాబాద్ పక్కన, కిస్మత్‌పుర కాడ ఉంది. మన ఊరికెల్లి గంట దారి. వచ్చే ఆదివారం మీ తాతను అడుగుండ్రి, తోలుకపోయి చూపెడ్తడు. అది చూసినంక, మీరు పెద్దగై ఏ దేశం పోయినా, దిగిన మరునాడు పొద్దుగాల లేచి ముందుగాల అడగాల్సింది ఒక్కటే: ఇక్కడ రొట్టె ఎక్కడ కాలుస్తరు?