ప్రేమలేఖ వేషమున వచ్చిన ప్రోగ్రాము

2000 మే 4వ తేదీన ఫిలిప్పీన్స్ దేశమునుండి బయలుదేరిన ఒక ఈ-మెయిలు కొద్ది గంటలలో ప్రపంచమును చుట్టివచ్చినది. "ఐ లవ్ యూ" అని దాని శీర్షిక. జతపరచిన ప్రేమలేఖను చూడుడని లోపల ఒక వాక్యము.

ఆ జతపత్రము లేఖ కాదు, ప్రోగ్రాము. పేరు చివర రెండు తోకలుండెను: ఉత్త వ్రాతను సూచించు "టి.ఎక్స్.టి.", ఆ తరువాత ఆదేశముల వరుసను సూచించు "వి.బి.ఎస్." తనకు తెలిసిన చివరి తోకను దాచుట విండోస్ అలవాటు, కనుక చూచువారికి లేఖగనే కనబడినది. తెరచిన వెంటనే అది అవుట్‌లుక్ చిరునామాల పట్టికలోని వారందరికి తన నకళ్లను పంపెను; ఫోటోల ఫైళ్లను చెరిపి వాని స్థానమున తానే కూర్చుండెను. ఎరిగినవారి పేరున వచ్చుటయే అసలు మోసము. అపరిచితుని ప్రేమలేఖను అంతమంది తెరచియుందురా?

దీనిని వ్రాసిన యువకుని శిక్షించుటకు ఫిలిప్పీన్స్‌లో నాడు తగిన చట్టము లేదు. జూన్‌లో చేసిన చట్టము గడచిన పనికి వర్తించదు కనుక ఆగస్టులో అభియోగములను విడిచిపెట్టిరి.