ఏ రోజు నాటి స్నోబెర్రీ?

మ్యాచ్‌బాక్స్ అనగానే మనకు అరచేతిలో ఇమిడే కార్ల బొమ్మలు గుర్తొస్తాయి. ఆ బ్రిటిష్ కంపెనీయే 1970ల చివర్లో ఓ పెద్ద అట్టపెట్టెను బజారులోకి తెచ్చింది. అందులోని ప్లాస్టిక్ ముక్కలన్నీ వరసగా అతికిస్తే రెండో ప్రపంచ యుద్ధం నాటి ‘ఫ్లవర్’ తరగతి కార్వెట్ అనే చిన్న యుద్ధనౌక తయారవుతుంది. అసలు ఓడ పొడవు 205 అడుగులు. నమూనా అందులో 72వ వంతు, అంటే 86 సెంటీమీటర్ల పైమాటే. ఆ తర్వాత రెవెల్ కంపెనీ అవే అచ్చులతో, కెనడా నౌకాదళంలో పనిచేసిన స్నోబెర్రీ పేరు మీద దాన్ని మళ్లీ విడుదల చేసింది. ఓడల నమూనాలు కట్టేవాళ్లలో ఆ పెట్టెకున్న మోజు ఇప్పటికీ తగ్గలేదు.

అయితే చేయి తిరిగినవాళ్లలో చాలామంది దాన్ని ఉన్నది ఉన్నట్టుగా కట్టరు. కొన్ని ముక్కలు కోసేస్తారు, కొన్ని పారేస్తారు, ఇంకొన్నింటిని ప్లాస్టిక్ షీటుతో, ఇత్తడి తీగతో సొంతంగా చేసుకుంటారు. ఇదంతా నైపుణ్యం చూపించుకోవాలన్న ఉబలాటం కాదు. స్నోబెర్రీకి ఒకే రూపం లేదు మరి. 1940 నవంబరులో నౌకాదళంలో చేరిన ఓడనూ, 1943 నవంబరులో జర్మన్ జలాంతర్గామిని ముంచిన ఓడనూ పక్కపక్కన నిలబెడితే ఒకటే అనుకోం, అక్కాచెల్లెళ్లనుకుంటాం. ఆ మూడేళ్లలో యుద్ధం దాన్ని అంతగా మార్చేసింది. అందుకే నమూనా కట్టాలంటే ఓడ పేరు తెలిస్తే చాలదు. తేదీ కావాలి.

ఈ ఓడల పుట్టుకలోనే తొందర ఉంది. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే, తీరం వెంబడి కాపలా తిరిగే చిన్న ఓడలు బ్రిటన్‌కు చవగ్గా, త్వరగా, డజన్ల కొద్దీ కావలసి వచ్చాయి. పెద్ద యార్డులు అప్పటికే చేతినిండా పనితో ఉన్నాయి. టీస్ నది ఒడ్డున సౌత్ బ్యాంక్‌లో స్మిత్స్ డాక్ అనే సంస్థ తిమింగలాల వేట ఓడలు కట్టేది. అక్కడి రూపకర్త విలియం రీడ్, తమ యార్డులోనే తయారైన ‘సదరన్ ప్రైడ్’ అనే వేట ఓడ నక్షాను ఆధారంగా తీసుకుని కార్వెట్‌ను గీశాడు. ఒకటే ప్రొపెల్లర్. సరుకుల ఓడల ఇంజన్ మిస్త్రీ ఎవరైనా నడపగలిగే పాత పద్ధతి ఆవిరి ఇంజను, 2,750 అశ్వశక్తి. వేగం 16 నాట్లు. అది తరమవలసిన ఏడో రకం జర్మన్ జలాంతర్గామి నీటిపైకి తేలితే 17 నాట్లకు మించి పరుగెత్తేది. ఆ లోటుతోనే ఈ ఓడలు యుద్ధంలోకి వెళ్లాయి.

వీటిలో మొదటిది గ్లాడియోలస్. 1940 జనవరిలో నీటిలోకి దిగింది. బ్రిటన్ ఈ ఓడలకు పూల పేర్లు పెడితే, కెనడా తన ఓడలకు ఊళ్ల పేర్లు పెట్టుకుంది. బ్రిటన్ కోసమని కెనడా యార్డుల్లో కట్టిన పదింటికి మాత్రం, కెనడా నావికులే నడిపినా పూల పేర్లే ఉండిపోయాయి. క్యూబెక్‌లోని డేవీ యార్డు కట్టిన స్నోబెర్రీ ఆ పదింటిలో ఒకటి.

1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోవడంతో లెక్కలన్నీ తారుమారయ్యాయి. ఫ్రెంచి రేవుల నుంచి బయల్దేరే జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్ నడిమధ్య దాకా వచ్చి సరుకుల ఓడల్ని ముంచసాగాయి. తీరం కోసం గీసిన ఓడను మహాసముద్రం మీదికి పంపక తప్పలేదు. తొలి కార్వెట్లలో ముందువైపు ఎత్తుగా ఉండే డెక్కు, కెప్టెన్ నిలబడే బ్రిడ్జి కంటే ముందే ఆగిపోయేది. ఆ రెంటి నడుమ పల్లంగా, పైకప్పు లేని జాగా ఉండేది. ఓడ ముక్కును దాటుకొచ్చిన కెరటం నేరుగా అందులోనే పడేది. నావికులు తినేదీ పడుకునేదీ ఓడ ముందు కొసన. వంటగదేమో వెనక. వేడివేడిగా వండిన తిండిని ఆ తడి డెక్కు మీదుగా మోసుకొచ్చేసరికి చల్లారిపోయేది, కొన్నిసార్లు కెరటం పాలయ్యేది. 85 మందికని లెక్కవేసిన ఓడలోకి కొత్త పరికరాలు వచ్చేకొద్దీ మనుషులూ పెరిగారు. తడిసిన బట్టలు ఆరే దారే లేదు. కార్వెట్ తడిగడ్డి మీద పెట్టినా ఒరుగుతుందని నావికుల్లో ఓ మాట ఉండేది. ఈ బతుకును నికోలస్ మాన్సరాట్ అనే అధికారి స్వయంగా అనుభవించి, 1951లో ‘ది క్రూయల్ సీ’ నవలగా రాశాడు. 1953లో దాన్ని సినిమాగా తీసినప్పుడు, నవలలోని కల్పిత ఓడ వేషం వేసింది కోరియాప్సిస్ అనే నిజమైన ఫ్లవర్ కార్వెట్టే.

ఆ పల్లాన్ని మూసేయడమే ఈ ఓడల చరిత్రలో అతి పెద్ద మార్పు. ముందు డెక్కును బ్రిడ్జిని దాటించి, పొగగొట్టం దాకా పొడిగించారు. కింద మనుషులకు చోటు దొరికింది, తడవకుండా నడిచే దారి ఏర్పడింది, ఓడ కెరటాలను తట్టుకునే తీరు మెరుగుపడింది. బ్రిటిష్ ఓడలకు ఈ భాగ్యం ముందే దక్కింది. కెనడా ఓడలు చాలాకాలం ఎదురుచూశాయి. రిపేరు యార్డులు చాలకపోవడం ఒక కారణమైతే, కాన్వాయ్‌ల, అంటే సరుకుల ఓడల గుంపుల వెంట కాపలాగా వెళ్లడానికి ఓడలు చాలక ఉన్నవాటిని రేవులో నిలపలేకపోవడం ఇంకో కారణం. స్నోబెర్రీ వంతు 1943లో వచ్చింది. మార్చి చివరి నుంచి మే దాకా అమెరికాలోని చార్ల్స్‌టన్ రేవులో ఉండి, డెక్కు పొడిగించుకుని బయటికొచ్చింది. అంటే రెండేళ్లకు పైగా ఆ ఓడ మనుషులు చలి సముద్రంలో, ఆ పల్లం మీదుగానే తిండి మోసుకున్నారన్నమాట.

పొడవు డెక్కు నమూనాను 1941 నాటి ఓడగా మార్చాలనుకునే వ్యక్తి రంపం పట్టుకోవలసింది సరిగ్గా ఇక్కడే. బ్రిడ్జి ముందు నుంచి పొగగొట్టం దాకా ఓడ పక్కగోడల పైభాగాన్ని కోసి దించాలి. కింద కొత్త డెక్కు పరవాలి. బ్రిడ్జి కింది గది గోడలు ఇప్పుడు బయటపడతాయి కాబట్టి వాటికి తలుపులు, కిటికీలు, మెట్లు చేయాలి. తొలి ఓడల్లో మాస్ట్ బ్రిడ్జికి ముందు ఉండి చూపుకు అడ్డొచ్చేది, తర్వాత దాన్ని వెనక్కి మార్చారు. కనుక నమూనాలో దాన్ని మళ్లీ ముందుకు తేవాలి. ఈ మార్పుకు రోజుల తరబడి ఓపిక కావాలి. కానీ కోత పూర్తయ్యాక ఆ పల్లపు డెక్కును కళ్లతో చూస్తే, కెరటం ఎక్కడ పడేదో, గిన్నె పట్టుకున్న నావికుడు ఎన్ని అడుగులు నడవాలో పుస్తకం చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. నేను ఈ కళను చరిత్ర పరిశోధనగా గౌరవించేది ఇందుకే.

కొలతల సంగతి కూడా చెప్పాలి. పెట్టెలోని ప్లాస్టిక్ గోడ ఒక మిల్లీమీటరు మందం ఉంటే, అసలు ఓడ కొలతలో అది 72 మిల్లీమీటర్లవుతుంది. అంత మందం ట్యాంకు కవచానికి ఉంటుంది, పలచని ఉక్కు రేకుతో కట్టిన కార్వెట్‌కు కాదు. అందుకే కంటికి కనిపించే అంచులన్నిటినీ లోపలివైపు నుంచి గీకి పలచన చేస్తారు. రేకు మీద రేకు ఎక్కించి రివెట్లు కొట్టిన ఓడ కాబట్టి ఆ అతుకుల వరసలు కూడా కనిపించాలి. అవి అచ్చులో మరీ ఉబ్బెత్తుగా ఉంటే సాండ్‌పేపర్‌తో అరగదీస్తారు, లేకపోతే పలచని షీటు పట్టీలు అతికిస్తారు. అంగుళం మందం చేతికమ్మీ ఈ కొలతలో మిల్లీమీటరులో మూడో వంతు. ప్లాస్టిక్‌తో అంత సన్నగా పోత పోయడం కష్టం. ఆమ్లంతో చెక్కిన ఇత్తడి రేకు కమ్మీలే వాడాలి. తాళ్ల కోసం ప్లాస్టిక్ పుల్లను వేడి చేసి, దారంలా సాగదీస్తారు.

ఇక పరికరాలు. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండాల్, బూట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొట్టి రేడియో తరంగాలను పుట్టించే కేవిటీ మాగ్నెట్రాన్‌ను పనిచేయించి చూపారు. ఏడాది తిరిగేసరికి, 1941 మార్చిలో, 10 సెంటీమీటర్ల తరంగాలతో పనిచేసే 271 రకం రాడార్‌ను ఆర్కిస్ అనే ఫ్లవర్ కార్వెట్ మీద బిగించి పరీక్షించారు. చీకట్లో నీటిపై తేలుతున్న జలాంతర్గామిని ఓడ నుంచి పట్టుకోవడానికి అప్పుడు దారి దొరికింది. టేకు చట్రంలో పారదర్శకమైన పలకలు బిగించిన దాని గూడు దీపస్తంభం తలలా బ్రిడ్జి వెనక కనిపిస్తుంది. నమూనా మీద ఆ గూడు ఉంటే అది రాడార్ వచ్చిన తర్వాతి ఓడ అని ఒక్క చూపులో చెప్పొచ్చు. కెనడా ఓడలకు మొదట్లో ఇంత మంచిది దక్కలేదు. ఒకటిన్నర మీటర్ల తరంగాలతో నడిచే స్వదేశీ సెట్టును మాస్ట్ కొసన పెట్టుకుని నెట్టుకొచ్చాయి.

ముందు ఫిరంగి వెనక, కుడిపక్కన ‘హెడ్జ్‌హాగ్’ ఉందా లేదా అన్నది ఇంకో గుర్తు. నీటి కింద శబ్దంతో వెతికే ఆస్డిక్ పరికరానికి, ఓడ శత్రువు మీదికి వచ్చే చివరి క్షణాల్లో జాడ తప్పిపోయేది. ఓడ వెనక నుంచి జారవిడిచే, నీటి లోతున పేలే డెప్త్ చార్జ్‌లు అందువల్ల గుడ్డిగా పడేవి. హెడ్జ్‌హాగ్ 24 బాంబుల్ని ఓడకు ముందు వైపు, జాడ ఇంకా అందుతుండగానే విసిరేది. అవి జలాంతర్గామికి తగిలితేనే పేలేవి. బల్ల మీద దీన్ని చేయడం ఒక పరీక్ష. ఒక్కో బాంబు చాలా చిన్నది, 24 ఒకేలా ఉండాలి.

తమ నమూనాకు తేదీగా 1943 నవంబరు 20ని ఎంచుకునేవాళ్లు ఎక్కువ. ఆ రోజు అజోర్స్ దీవులకు ఈశాన్యాన నీన్, కాల్గరీ అనే ఓడలు, స్నోబెర్రీ కలిసి యు-536 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచాయి. ఆ జలాంతర్గామికి అంతకు రెండు నెలల ముందు కథ ఒకటుంది. కెనడాలో ఖైదీలుగా ఉన్న జర్మన్ జలాంతర్గామి అధికారులు తప్పించుకుని వస్తే ఎక్కించుకుపోవడానికి న్యూ బ్రన్స్‌విక్ తీరం దాకా వచ్చి, పన్నిన ఉచ్చును పసిగట్టి బయటపడింది. స్నోబెర్రీ జట్టుకు చిక్కిన రోజు మాత్రం బయటపడలేదు. కెప్టెన్ షావెన్‌బుర్గ్‌తో కలిపి 17 మందే బతికారు.

అదే పెట్టెతో బ్రిటిష్ ఓడ బ్లూబెల్‌ను కట్టేవాళ్లూ ఉన్నారు. 1945 ఫిబ్రవరి 17న రష్యా ఉత్తర తీరంలో యు-711 టార్పెడో తగిలి బ్లూబెల్ మునిగింది. మిగిలింది ఒక్కడే. పేరు పలక మార్చి అతికించేముందు ఈ సంగతి తెలిసి ఉండాలని నా కోరిక.

రంగు దగ్గరా తేదీయే న్యాయనిర్ణేత. ఉత్తర అట్లాంటిక్ ఓడలకు తెలుపు, లేత నీలం, లేత ఆకుపచ్చ రంగుల పథకాన్ని ఇచ్చినవాడు పీటర్ స్కాట్. పక్షుల చిత్రకారుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు, బ్రోక్ అనే డిస్ట్రాయర్ మీద అధికారి. మబ్బు పట్టిన ఉత్తరాది రాత్రుల్లో ఓడ ఆకాశం కన్నా నల్లగా కనిపించి దొరికిపోతుందని గమనించి, దాన్ని వీలైనంత తెల్లబరచమన్నాడు.

యుద్ధకాలంలో నమూనాలు అలంకారం కోసం మాత్రమే లేవు. 1942 జనవరిలో లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ ఒక శిక్షణ కేంద్రం పెట్టాడు. నేల మీద సుద్దతో గీతలు, వాటి మీద చిన్న చిన్న ఓడ బొమ్మలు, చుట్టూ గుడ్డ తెరలు. తెర కన్నంలోంచి చూస్తూ కాన్వాయ్ అధికారులు ఆజ్ఞలివ్వాలి. ఓడల్ని కదిపేది నౌకాదళంలోని యువతులు. వాళ్లలో జీన్ లెయిడ్‌లా పేరు పెట్టిన ‘రాస్ప్‌బెర్రీ’ అనే ఎత్తుగడ ఆ నేల మీదే రూపుదిద్దుకుని సముద్రానికి వెళ్లింది.

నిజమైన ఫ్లవర్ కార్వెట్‌ను చూడాలంటే ఇప్పుడు ఒక్కటే మిగిలింది. కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఉన్న శాక్‌విల్. 1982 దాకా పరిశోధన ఓడగా తిరిగింది కాబట్టే ముక్కలు కాకుండా దక్కింది. దాన్ని 1944 నాటి రూపానికి తెచ్చి నిలబెట్టారు. స్నోబెర్రీకి ఆ అదృష్టం లేదు. 1947లో టీస్ నది ఒడ్డునే, థోర్నబీలో దాన్ని విరగ్గొట్టారు.

మన వైపు కూడా ఈ కథ కొంత ఉంది. యుద్ధం చివర్లోనూ, ఆ వెంటనేనూ రాయల్ ఇండియన్ నేవీకి నాలుగు ఫ్లవర్లు వచ్చాయి. అస్సాం, సింధ్, మహరట్టా, గోండ్వానా. మన ఆదిలాబాద్ గోండుల నేలను కూడా కలుపుకున్న పేరది. ఇవి సవరించిన రకం. ముందు కొస మరింత ఎత్తుగా లేచి, వెడల్పుగా విచ్చుకుంటుంది. కాబట్టి స్నోబెర్రీ పెట్టెతో గోండ్వానా కట్టాలంటే ఓడ ముక్కునే తిరగ కట్టాలి. అంతకుముందే, 1944 ఫిబ్రవరి 11న, విశాఖపట్నం దగ్గరి సముద్రంలో కాన్వాయ్ మీద దాడిచేసిన జపాన్ జలాంతర్గామి ఆర్వో-110ను భారత నౌక జమునా, ఆస్ట్రేలియా ఓడలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి ముంచాయి.

విశాఖలో యుద్ధకాలపు స్థావరం ‘సర్కార్స్’ ఉండేది. ఆ రోజుల్లో నౌకాదళంలో చేరిన తాతల ఫొటోలు కోస్తాలోనూ తెలంగాణలోనూ కొన్ని ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉండే ఉంటాయి. తాత వెనక కనిపించే డెక్కు, మాస్ట్, ఫిరంగి మీకు అక్కరలేనివిగా అనిపించవచ్చు. గోండ్వానానో జమునానో కట్టాలని కూర్చున్నవాళ్లకు అవే ఆధారాలు. దయచేసి ఆ ఫొటోలు పారేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అది ఏ ఓడో, ఏ రేవో, ఏ ఏడో అడిగి పెన్సిలుతో ఫొటో వెనక రాసి పెట్టండి.