పొద్దుటి వెలుగు వైద్యంగా మారిన చరిత్ర

ఉదయపు కాంతి చికిత్స అంటే, నిద్ర లేచిన కాసేపటికే 10,000 లక్స్ తీవ్రత గల తెల్లని దీపం ముందు అరగంట కూర్చోవడం. దీపం వైపే చూస్తూ ఉండనక్కర్లేదు. కళ్లు తెరుచుకుని ఉంటే చాలు, పేపరు చదువుకోవచ్చు, కాఫీ తాగవచ్చు. చలికాలంలో ముసిరే కుంగుబాటుకు, వేళ తప్పిన నిద్రకు వైద్యులు దీన్ని సూచిస్తారు. ఇంత సులువైన పద్ధతి వైద్య పత్రికల్లోకి వచ్చింది 1980లలోనే. వెలుగు మనసును తేలికపరుస్తుందన్న సంగతి మాత్రం చాలా పాతది. మందకొడిగా పడి ఉండే రోగులను వెలుతురులో, ఎండ తగిలేలా పడుకోబెట్టాలని క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి గ్రీకు వైద్యుడు అరెటియస్ రాసిపెట్టాడు. తెలిసిన సంగతి వైద్యం కావడానికి అన్ని శతాబ్దాలు పట్టింది. వెలుగు ఏ దారిన మనసును చేరుతుందో ఎవరికీ అంతుబట్టకపోవడమే అందుకు కారణం.

చీకటి మనిషిని ఏం చేస్తుందో దగ్గరగా చూసి రాసిన తొలి వైద్యుల్లో అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ కుక్ ఒకడు. 1897లో బెల్జియం నుంచి బయల్దేరిన బెల్జికా అనే ఓడ మరుసటి ఏడాది అంటార్కిటికా మంచులో చిక్కుపడింది. దక్షిణార్ధగోళపు చలికాలం మధ్యలో రెండు నెలలకు పైగా అక్కడ పొద్దు పొడవలేదు. నావికులు పాలిపోయారు, మాట తగ్గించారు, తిండి మీద ఆసక్తి కోల్పోయారు. రాత్రి నిద్ర పట్టేది కాదు, పగలు మత్తు వదిలేది కాదు. జూన్‌లో ఎమిల్ డాంకో అనే యువ శాస్త్రజ్ఞుడు గుండె బలహీనపడి చనిపోయాడు. కుక్ అంతకుముందు గ్రీన్‌లాండ్ యాత్రలో ఒక చలికాలం గడిపి, అక్కడి ఇన్యూట్ ప్రజల జీవితంలో దీర్ఘరాత్రి తెచ్చే మార్పులను గమనించి వచ్చినవాడు. అతను రోగులను బట్టలు తీయించి, మండుతున్న పొయ్యి ముందు రోజూ చాలాసేపు నిలబెట్టేవాడు. పెంగ్విన్, సీల్ మాంసం తినిపించేవాడు. రోగులు తేరుకున్నారు. ఇందులో తాజా మాంసంలోని సి విటమిన్ వల్ల, ఆ విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ తగ్గిన భాగమెంత, మంట వెలుగూ వేడీ చేసిన మేలెంత అన్నది విడదీసి చెప్పలేం. పొయ్యి మంట వెలుగు నేటి దీపాల లెక్కలో చాలా తక్కువ. అయినా పోయిన సూర్యుడి స్థానంలో మరో వెలుగును పెట్టాలన్న ఆలోచన కుక్‌కు వచ్చింది, అదే గొప్ప సంగతి. తర్వాతి కాలంలో ఉత్తర ధ్రువాన్ని చేరానని చెప్పి అతను వివాదాల పాలయ్యాడు. ఆ వివాదాల కింద బెల్జికాలో చేసిన ఈ పని మరుగున పడటం అన్యాయమే.

అదే కాలంలో కోపెన్‌హేగన్‌లో నీల్స్ ఫిన్సెన్ దీపపు కాంతితో చర్మక్షయను నయం చేశాడు. అందుకు 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ ఏడాదే అగస్ట్ రోలియే స్విట్జర్లాండ్ కొండల్లోని లేజాలో క్షయరోగులకు ఎండ వైద్యం మొదలుపెట్టాడు. గాలీ వెలుతురూ ధారాళంగా ఉండే శానిటోరియంలు దేశదేశాల్లో వెలిశాయి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం కూడా ఆ తరంలోనిదే, అక్కడి తొలి వైద్యాధికారి ఫ్రిమోట్ మొల్లర్ డెన్మార్క్ దేశస్థుడు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ రావడంతో ఆ ఎండ వైద్యం వెనకబడింది. అయితే ఫిన్సెన్, రోలియే చేసినదంతా చర్మం మీద పడే కాంతితో. కంటి గుండా మనసుకు, నిద్రకు చేసే వైద్యం అక్కడి నుంచి పుట్టలేదు.

దాని మూలం మరోచోట, మొక్కల పరిశోధనలో ఉంది. 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మేరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో ఉంచి చూశాడు. పొద్దు కనిపించకపోయినా ఆకులు వేళకు విచ్చుకున్నాయి, వేళకు ముడుచుకున్నాయి. ప్రాణుల లోపలే ఒక గడియారం ఉందనడానికి అది తొలి ఆధారం. మనిషిలోనూ అలాంటిది ఉందని 1960లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు యుర్గెన్ ఆషాఫ్ రుజువు చేశాడు. వెలుతురు చొరబడని గదుల్లో వారాల తరబడి ఉన్నవారి నిద్రా మెలకువలు 24 గంటలకు కొంచెం ఎక్కువ నిడివితో సాగాయి. ఆ గడియారం ఉండే చోటు, మెదడు అడుగున రెండు కంటి నరాలు కలిసే చోటికి పైన, ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో 1972లో బయటపడింది. కానీ మనుషుల విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం పాతుకుపోయింది. జంతువుల గడియారాన్ని వెలుగు సరిదిద్దుతుంది, మనిషి గడియారాన్ని మాత్రం భోజన వేళలు, మనుషుల రాకపోకలు సరిదిద్దుతాయని నమ్మారు. మామూలు గదిదీపాలతో ప్రయోగాలు చేసినందువల్లే అలా తేలింది.

1980లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన ఆల్‌ఫ్రెడ్ లూయీ, సహచరులు ఆ నమ్మకాన్ని పడగొట్టారు. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. నడిరాత్రి మనుషులను లేపి 500 లక్స్ దీపం చూపిస్తే మెలటోనిన్ పెద్దగా తగ్గలేదు, 2,500 లక్స్ చూపిస్తే బాగా పడిపోయింది. మనిషికీ వెలుగు తగులుతుందని, కాకపోతే గట్టి వెలుగు కావాలని తేలింది.

ఆ సంగతి తెలిసి ఆ సంస్థను వెతుక్కుంటూ వచ్చిన రోగి హెర్బర్ట్ కెర్న్. వృత్తిరీత్యా ఇంజనీరు. ప్రతి చలికాలం కుంగిపోయి, వసంతం రాగానే ఉత్సాహంతో పొంగిపోయేవాడు. తన మనఃస్థితిని ఏళ్ల తరబడి నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు, ఆ ఒడిదొడుకులు పగటి నిడివిని అనుసరిస్తున్నాయని తానే పసిగట్టాడు. వైద్యులు అతని చలికాలపు పగటిని వసంతకాలపు పగలంత సాగదీయాలనుకున్నారు. తెల్లవారకముందు కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు గట్టి దీపం ముందు కూర్చోబెట్టారు. కొద్ది రోజుల్లోనే కెర్న్ తేరుకున్నాడు. 1982లో వెలువడిన ఆ వైద్య నివేదికలో రచయితల పేర్ల మధ్య రోగి పేరూ ఉంది. అది అతనికి న్యాయంగా దక్కిన గౌరవం. ఆ రచయితల్లో మరొకడు నార్మన్ రోజెన్‌థాల్. ఎండ పుష్కలంగా ఉండే దక్షిణాఫ్రికా నుంచి న్యూయార్క్ వచ్చాక, చలికాలంలో తన చురుకు తగ్గడాన్ని స్వయంగా గమనించిన వైద్యుడు. ఒక దినపత్రికలో ఈ పరిశోధన గురించి వార్త రాగానే, తమదీ అదే బాధ అంటూ వేలమంది ఉత్తరాలు రాశారు. 1984లో రోజెన్‌థాల్ బృందం 29 మంది రోగుల వివరాలతో ఋతువును బట్టి వచ్చే ఈ కుంగుబాటుకు పేరు పెట్టి, లక్షణాలు నిర్ధారించింది. అతినిద్ర, తీపి మీదా పిండి పదార్థాల మీదా కోరిక, బరువు పెరగడం, నలుగురిలోకి వెళ్లాలనిపించకపోవడం అందులో ముఖ్యమైనవి.

మొదట్లో 2,500 లక్స్ దీపం ముందు రోజుకు రెండు గంటలకు పైగా కూర్చోవలసి వచ్చేది. ఉద్యోగాలకు వెళ్లేవారికి అది కుదిరే పని కాదు. దీపాన్ని 10,000 లక్స్‌కు పెంచితే అరగంట చాలునని 1990 ప్రాంతంలో కొలంబియా విశ్వవిద్యాలయపు టెర్మన్ దంపతులు చూపించారు. అయినా సందేహం మిగిలింది. మందుబిళ్ల పరీక్షలో ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి పోల్చవచ్చు, వెలుగు విషయంలో అలా కుదరదు, దీపం వెలుగుతోందో లేదో రోగికి కనిపిస్తూనే ఉంటుంది. అందుకని గాలిలోకి అయాన్లు విడుదల చేసే యంత్రమని చెప్పి, నిజానికి పనిచేయని యంత్రం ముందు కొందరిని కూర్చోబెట్టి పోల్చారు. 1998లో ఒకే వైద్య పత్రికలో వచ్చిన మూడు అధ్యయనాలు చికిత్స ఫలితాన్ని రూఢి చేశాయి. సాయంత్రం కంటే ఉదయపు వెలుగే మేలన్నదీ వాటితో బలపడింది. పగటిని సాగదీయడమన్న తొలి సిద్ధాంతం పక్కకు జరిగి, వెనకబడిన లోపలి గడియారాన్ని పొద్దున్నే ముందుకు జరపడమన్న వివరణ ముందుకు వచ్చింది. రాత్రి ఆలస్యంగా నిద్రపట్టేవారికి కూడా పొద్దుటి వెలుగు పనిచేసేది ఇందుకే. అదే వెలుగు పొద్దుపోయాక తగిలితే నిద్ర మరింత వెనక్కి పోతుంది.

చివరి చిక్కుముడి కంటిలోనే విడిపోయింది. చూపు పూర్తిగా పోయిన కొందరిలో కూడా వెలుగు మెలటోనిన్‌ను తగ్గిస్తోందని 1995లో ఛార్లెస్ జైస్లర్ బృందం గమనించింది. 1998లో ఇగ్నేషియో ప్రొవెన్సియో కప్ప చర్మంలో మెలనాప్సిన్ అనే వర్ణకాన్ని కనుగొన్నాడు. ఆ వర్ణకం ఉన్న కణాలు రెటీనాలోనూ ఉన్నాయని, అవి నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తూ గడియారానికి నేరుగా కబురు పంపుతాయని 2002లో డేవిడ్ బర్సన్ బృందం చూపించింది. చూపుకు ఒక దారి, వేళకు మరో దారి కంటిలో ఉన్నాయని అప్పటికి స్పష్టమైంది.

ప్రయోగశాలల పని ఇలా సాగుతుండగా జనం తమ దారి తాము వెతుక్కున్నారు. నార్వేలోని ర్యూకాన్ పట్టణం లోతైన లోయలో ఉంది, సెప్టెంబర్ చివరి నుంచి మార్చి దాకా అక్కడ ఎండ పడదు. 1928లో అక్కడి పరిశ్రమ జనం కొండపైకి వెళ్లి ఎండ చూసి రావడానికి రోప్‌వే కట్టించింది. 2013లో కొండ మీద సూర్యుడి వెంట తిరిగే మూడు పెద్ద అద్దాలు నిలిపి, ఊరి నడిబొడ్డున ఎండ పడేలా చేశారు.

ఆసుపత్రుల నుంచీ ఆధారాలు వచ్చాయి. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఎండ పడే గదుల్లో ఉన్న కుంగుబాటు రోగులు సగటున 16.9 రోజుల్లో ఇంటికి వెళ్లారు, ఎండ లేని గదుల వారికి 19.5 రోజులు పట్టిందని 1996లో ప్రచురించారు. ఋతువుతో సంబంధం లేని కుంగుబాటుకూ పొద్దుటి కాంతి పనికివస్తుందని 122 మందిపై రేమండ్ లామ్ జరిపి, 2016లో ప్రచురించిన అధ్యయనం సూచించింది. పేటెంటు పెట్టుకోలేని వైద్యం కనుక దీని మీద డబ్బు పెట్టి పరిశోధన చేయించేవారు తక్కువ. మందుల వ్యాపారం ముందు ఇది చిన్నబోవడానికి అదొక బలమైన కారణం.

హైదరాబాద్‌లో డిసెంబర్ చివర కూడా పగలు దాదాపు 11 గంటలుంటుంది. కనుక చలికాలపు కుంగుబాటు ఎక్కువగా టొరంటో, స్టాక్‌హోమ్ వంటి చోట్లకు వెళ్లిన తెలుగువారికి ఎదురయ్యే సమస్య. ఇక్కడ ఉన్నవారికి పొద్దుటి ఎండ ఇంటి బయటే దొరుకుతుంది. మబ్బు పట్టిన రోజు కూడా ఆరుబయట వేల లక్స్ ఉంటుంది, ఆఫీసు గదిలో కొన్ని వందలే. దీపం కొనే ముందు పొద్దున్నే అరగంట నడవడం మేలు. బైపోలార్ రుగ్మత, రెటీనా జబ్బులు ఉన్నవారు, కుంగుబాటు తీవ్రంగా ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడిగాకే ఈ చికిత్స మొదలుపెట్టాలి.