కీమా మిషన్‌లో కెమిస్ట్రీ

ముంబయి ఫోరస్ రోడ్డు మటన్ దుకాణంలో కీమా మిషన్ చూసినవాళ్లకు ఎక్స్‌ట్రూడర్ గురించి సగం చెప్పనక్కర్లేదు. గొట్టంలో స్క్రూ తిరుగుతుంది, ఈ చివర వేసింది ఆ చివర ముద్దగా వస్తుంది. కాకపోతే మాంసం మాంసంగానే వస్తుంది. ఎక్స్‌ట్రూడర్‌లో పోసిన ప్లాస్టిక్ దానా మాత్రం ఒక్కోసారి వేరే సరుకై బయటపడుతుంది. దాన్నే రియాక్టివ్ ఎక్స్‌ట్రూజన్ అంటున్నారు.

పేరు కొత్తదేగానీ పని పాతది. 1820లో లండన్‌లో థామస్ హాన్‌కాక్ రబ్బరు తుక్కును ముక్కలు చేద్దామని పళ్లున్న మిషన్‌లో వేస్తే, అది చీలకుండా వేడెక్కి ముద్దయింది. గుట్టు బయటపడకుండా ఆ మిషన్‌కు ‘పికిల్’ అని పేరుపెట్టాడు. మెత్తబడ్డది అణువుల పొడవాటి గొలుసులు తెగడం వల్లనని తేలింది మరుసటి శతాబ్దంలోనే.

గొట్టంలోంచి నెట్టే పని చూడాలంటే సముద్రపు తీగల దగ్గరికి రావాలి. 1870లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ బొంబాయి నుంచి ఏడెన్‌కు సముద్రపు టెలిగ్రాఫ్ తీగ వేసింది. ఆ తీగల తొడుగు గట్టాపర్చా అనే, రబ్బరులాంటి చెట్టుపాల సరుకు. దాన్ని మురుకుల గొట్టంలోలా నొక్కి తీసేవారు. ఆగకుండా తోసే స్క్రూ మీద మాథ్యూ గ్రే పేటెంట్ 1879 నాటిది.

అసలు మలుపు జంట స్క్రూలు. ఇటలీలో కొలంబో, జర్మనీలో ఎర్డ్‌మెంగర్ అనేవాళ్లు తీర్చిన ఈ మిషన్‌లో ఒక స్క్రూ రెండోదాన్ని తుడుస్తూ తిరుగుతుంది. అంటే మూల మూలకూ సరుకు కలుస్తుంది, ఎక్కడా అంటుకుని మాడదు. రసాయనానికి ఇంతకన్నా ఏం కావాలి? పాలీప్రొపిలీన్‌లో చిటికెడు పెరాక్సైడ్ వేస్తే ఒకటి రెండు నిమిషాల్లోనే పొడవు గొలుసులు తెగి, సరుకు పలచగా పారుతుంది. 1970ల నాటికి మాలెయిక్ ఆన్‌హైడ్రైడ్ అనే రసాయనాన్ని గొలుసుకు అంటుగట్టడం కూడా వచ్చింది. నైలాన్, పాలిథిన్ మామూలుగా ఒకదాన్నొకటి అంటవు. అంటుగట్టిన పాలిథిన్ మధ్యలో ఉంటే పొరలు విడిపోవు. అనేక పొరల ప్యాకెట్ల గుట్టు అదే.

ధారవిలో పాత ప్లాస్టిక్ కరిగించే కొట్లలో చూడండి: వేడి దారాలు నీటి తొట్టిలోంచి సాగి, కత్తి కింద టకటకా దానాగా రాలతాయి. పెరాక్సైడ్ ఎవరూ వేయరు. అయినా వేడికీ ఒరిపిడికీ పాలీప్రొపిలీన్ గొలుసులు తెగుతూనే ఉంటాయి. నా లెక్కన కంపెనీ కొలతపెట్టి చేసేది ఇక్కడ కొలత లేకుండా జరుగుతోంది, అంతే తేడా. మళ్లీ మళ్లీ కరిగించిన దానాతో పోసిన బకెట్టు తొందరగా చిట్లేది అందుకే.