నల్లగొండ, పాలమూరు విద్యాచరిత్ర: ప్రవర్తనావాద దృష్టి

వ్యాససంగ్రహం: ప్రవర్తనావాదం మన ఉపాధ్యాయ శిక్షణలో పిల్లులు, పావురాల ప్రయోగాలుగానే మిగిలిపోయింది. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల విద్యాచరిత్రలోని మూడు దశలను ఆ వాదం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రవర్తనావాదం, పునర్బలనం, వీధిబడి, మాతృభాష, సర్వేలు.

1. ఉపోద్ఘాతం

మనోవిజ్ఞానశాస్త్రం పరిశీలించవలసినది చేతనను కాదని, బయటికి కనిపించే ప్రవర్తననని 1913లో జె.బి. వాట్సన్ ప్రకటించాడు. అంతకుముందే, 1898లో పిల్లులపై ప్రయోగాలను ప్రచురించిన థార్న్‌డైక్, తరువాతి కాలంలో సంసిద్ధత, అభ్యాసం, ఫలితం అనే మూడు అభ్యసన నియమాలను ప్రతిపాదించాడు. ప్రవర్తనను నిలిపేది దాని పర్యవసానమేనని, కనుక మార్చవలసినది పరిసరాన్నని బి.ఎఫ్. స్కిన్నర్ వాదించాడు.

2. వీధిబడి: వల్లెవేత, దండన

తెలుగు పల్లెల వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దేవారు; గుణింతాలు, ఎక్కాలు, శతకపద్యాలు వల్లెవేసేవారు. తప్పితే గోడకుర్చీ, తొడపాశం, కోదండం తప్పేవి కావు. పప్పుబెల్లాలు దసరాకు దొరికేవి. దండన ఏడాది పొడవునా ఉండేది. అంటే ఈ బడి వల్లెవేత, శిక్ష అనే రెండు స్తంభాలపై నిలిచింది. థార్న్‌డైక్ 1930ల నాటికి సవరించుకున్నవి సరిగ్గా ఈ రెండే. ఫలితం తెలియని పునరావృత్తి నేర్పదనీ, బహుమతి బంధాన్ని బలపరచినంతగా శిక్ష దాన్ని బలహీనపరచదనీ ఆయన గుర్తించాడు.

3. సంసిద్ధత: భాషాసమస్య

నిజాం రాజ్యంలో ప్రభుత్వ విద్య ప్రధానంగా ఉర్దూలో సాగింది. ఇంట తెలుగు మాట్లాడే బిడ్డకు బడిభాష అపరిచితం. సంసిద్ధత లేని చోట అభ్యసనం పీడ అవుతుందన్న థార్న్‌డైక్ సూత్రానికి ఇది ప్రత్యక్ష నిదర్శనం. 1930లో జోగిపేటలో పాలమూరు ప్రాంతీయుడైన సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభలు జరిగాయి. మాతృభాషలో విద్య ఆ ఉద్యమపు ముఖ్యమైన కోరికలలో ఒకటి. దానిని భాషాభిమానంగా మాత్రమే చూడడం పాక్షికం. అది అభ్యసన హక్కు కూడా.

4. పరిసరం: సర్వేలు ప్రయోగం

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. తిండి, వసతి, వేళకు చదువు, ఎల్లవేళలా అందుబాటులో గురువు: గ్రామీణ బాలుడి పరిసరమే మారింది. ఇది స్కిన్నర్‌ను చదివి నిర్మించిన సంస్థ అని కాదు. అయితే పరిసరం మారితే ప్రతిభ వెలికివస్తుందన్న భావన రెండింటికీ ఉమ్మడి.

కానీ గురుకుల ప్రవేశం పరీక్ష ద్వారా జరుగుతుంది. అప్పటికే నేర్చుకున్నవారికే మేలైన పరిసరం దక్కింది. తల్లిదండ్రులతో వలసపోయే పాలమూరు కూలీల బిడ్డకు చదువు నడి ఏడాదిలో తెగిపోతుంది. తిరిగివచ్చాక ఆ బిడ్డకు మనం పెట్టే పేరు 'మొద్దు'.

5. ముగింపు

ప్రవర్తనావాదానికి పరిమితులున్నాయి. అర్థగ్రహణాన్ని, సృజనను అది పూర్తిగా వివరించలేదు. 1959లో నోమ్ చామ్‌స్కీ భాషాభ్యసన విషయంలో ఈ లోపాన్నే ఎత్తిచూపాడు. అయినా ఈ పరిశీలనలో తేలిన అంశాలివి:

1. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను నిషేధించింది. అభ్యసన నియమాల దృష్ట్యా కూడా ఆ నిషేధం సమర్థనీయం.

2. మాతృభాషోద్యమాన్ని విద్యామనోవిజ్ఞాన దృష్టితోనూ చదవాలి.

3. బిడ్డ వైఫల్యాన్ని బిడ్డ బుద్ధికి అంటగట్టే ముందు పరిసరాన్ని పరీక్షించాలి. సర్వేలు కొందరికి ఇచ్చిన పరిసరం ప్రతి పల్లెబడికీ అందినప్పుడే ఈ పాఠం పూర్తవుతుంది.