అక్షరానికి సంకెళ్ళు: బెజవాడ, షోలాపూర్, హైదరాబాదు

షోలాపూర్ నగరం నడుమ నలుగురు అమరవీరుల విగ్రహాలు నిలిచిన కూడలికి చార్ హుతాత్మా చౌక్ అని పేరు. నీలం నగర్ నుండి నూలు బేరానికో, దుప్పట్ల అమ్మకానికో పట్టణంలోకి వెళ్ళే ప్రతి నేతపనివానికి ఆ కూడలి సుపరిచితమే. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ షిండే, కుర్బాన్ హుసేన్ అనే ఆ నలుగురు 1931 జనవరి 12న ఎరవాడ కారాగారంలో ఉరికంబమెక్కినారు. వారిలో యువకుడైన కుర్బాన్ హుసేన్ కార్మికుల పక్షాన నిలిచిన నాయకుడే గాక పత్రికా సంపాదకుడు కూడా. ఆయన నడిపిన పత్రిక పేరు ‘గజనఫర్’. ఆ మాటకు సింహమని అర్థం. ఈ సంగతి తెలిసినవారు నగరంలోనే తక్కువ. సంక్షోభ సమయాలలో పత్రికలకు, పాత్రికేయులకు ఏమి జరుగుతుందో తెలుసుకొనడానికి తెలుగువారు దూరదేశాల చరిత్ర వెదకనక్కరలేదు. తాము పుట్టిన నేలలోను, బ్రతుకుతెరువు వెదకుకొంటూ వచ్చి స్థిరపడిన ఈ నేలలోను ఆ పాఠం వ్రాయబడి ఉన్నది.

తెలుగు పాత్రికేయులలో ఈ కథ 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుతో ఆరంభమైనది. ఆ సంవత్సరం మార్చి నెలలో చిదంబరం పిళ్ళై అరెస్టు కాగా తిరునల్వేలిలో అల్లరులు చెలరేగినవి. పోలీసు కాల్పులలో మనుషులు మరణించినారు. బెజవాడ నుండి వెలువడుతున్న ‘స్వరాజ్య’ పత్రికలో హరిసర్వోత్తమరావు ఆ దమనకాండను తీవ్రంగా ఖండించినారు. ప్రభుత్వం ఆయనపై రాజద్రోహ నేరం మోపినది. క్రింది న్యాయస్థానం విధించిన 6 నెలల శిక్ష చాలదని ప్రభుత్వమే పై న్యాయస్థానానికి వెళ్ళగా అది 3 సంవత్సరాలకు పెరిగినది. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు. అదే 1908 జూలైలో ‘కేసరి’ వ్యాసాలకు గాను లోకమాన్య తిలక్‌కు 6 సంవత్సరాల శిక్ష పడి మాండలేకు పంపబడినారు. బొంబాయి మిల్లు కార్మికులు 6 రోజులు మగ్గాలు ఆపి నిరసన తెలిపినారు. సంపాదకుని కలానికి, కార్మికుని మగ్గానికి గల అనుబంధం ఆనాడే స్పష్టమైనది.

ఆ అనుబంధం 1930లో షోలాపూర్‌లో అగ్నిపరీక్షకు గురియైనది. నాటికే ఇది వేలాది కార్మికులున్న మిల్లుల పట్టణం. తెలంగాణ పల్లెల నుండి వలస వచ్చిన పద్మశాలీలు మిల్లులలోను, చేతి మగ్గాలమీదను పనిచేస్తూ ఇక్కడ నిలద్రొక్కుకొన్నారు. ఏప్రిల్ నెలాఖరున ప్రభుత్వం ప్రెస్ ఆర్డినెన్సును ప్రకటించి, ముద్రణాలయాల నుండి ధరావతులు కోరే అధికారాన్ని తిరిగి చేజిక్కించుకొన్నది. మే మొదటి వారంలో మహాత్మాగాంధీ నిర్బంధ వార్త తెలియగానే పట్టణం ఉడికిపోయినది. మే 8న పోలీసులు జనసమూహంపై కాల్పులు జరిపినారు. ఆగ్రహించిన జనం చేతిలో ఇద్దరు పోలీసులు హతులైనారు. కొన్ని దినాలపాటు పట్టణంలో ఆంగ్ల ప్రభుత్వం ఉన్నదా అనిపించినది. ఆ వెంటనే సైన్యం దిగి మార్షల్ లా అమలులోకి వచ్చి జూన్ నెలాఖరు వరకు సాగినది. గాంధీ టోపీ ధరించడం, జెండా పట్టుకొనడం కూడా ఆ దినాలలో నేరాలైనవి.

అటువంటి పాలనకు సాక్షి అవసరం లేదు. అందుచేతనే ‘కర్మయోగి’ పత్రికా సంపాదకులు రామభావ్ రాజవాడేకు సైనిక శాసనం క్రింద కఠిన కారాగార శిక్ష, జరిమానా విధింపబడినవి. కుర్బాన్ హుసేన్‌పై మోపిన నేరం వ్రాత కాదు, పోలీసుల హత్య. కాని అధికారులు తీర్పు చెప్పిన మాత్రాన నగరం ఆయనను నేరస్థునిగా స్వీకరించలేదు. కూడలిలోని విగ్రహమే అందుకు నిదర్శనం. ఒక సంపాదకుడు చెరసాలలో, మరొకరు ఉరికంబంపై ఉన్నప్పుడు పట్టణంలో జరిగినదానిని పట్టణం తరఫున చెప్పేవారెవరు? ప్రభుత్వ ప్రకటన ఒక్కటే వార్తగా మిగిలినది.

షోలాపూర్‌కు సమీపాననే నిజాం సంస్థానపు సరిహద్దు. ఇక్కడి తెలుగు కుటుంబాల బంధువులు ఎందరో ఆ సరిహద్దుకు ఆవలనే ఉండేవారు. అక్కడ మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’ ఉర్దూ పత్రికను నిజాం ప్రభుత్వం మూయించినది. అందులో పనిచేసిన షోయబుల్లా ఖాన్ 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ అనే సొంత పత్రికను స్థాపించినారు. రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టినారు. హైదరాబాదు భారతదేశంలో చేరవలెనని నిర్భయంగా వ్రాసినారు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రికా కార్యాలయం నుండి ఇంటికి వెళ్తుండగా దుండగులు దాడిచేసి, ఆయన వ్రాసే చేతిని నరికినారు. మరునాటి తెల్లవారుజామున ఆయన కన్నుమూసినారు. నాలుగు వారాలైనా గడువకముందే, సెప్టెంబరు 17న, ఆయన కోరిన మార్పు వచ్చినది. చూచుటకు ఆయన లేరు.

ఈ మూడు ఘట్టాలలో మూడు పద్ధతులు కనిపిస్తున్నవి. బెజవాడలో చట్టమే చెరసాలకు త్రోవ చూపినది. షోలాపూర్‌లో సాధారణ చట్టాన్ని ప్రక్కకు నెట్టి సైనిక శాసనం ఆ పని చేసినది. హైదరాబాదులో రాజ్యం చూచుచుండగా ప్రైవేటు కత్తి ఆ పని ముగించినది. పద్ధతులు వేరైనను ఉద్దేశం ఒక్కటే: జరిగినది జనానికి తెలియరాదు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగపు 19వ అధికరణం భావప్రకటనా స్వేచ్ఛకు హామీ ఇచ్చినది. అయినను 1975 జూన్‌లో విధించిన అత్యవసర పరిస్థితిలో పత్రికలపై ముందస్తు సెన్సారు అమలైనది. కులదీప్ నయ్యర్ వంటి పాత్రికేయులు నిర్బంధానికి గురియైనారు. ఐక్యరాజ్యసమితి 1993లో మే 3వ తేదీని ప్రపంచ పత్రికా స్వాతంత్ర్య దినంగా ప్రకటించినది. కాని న్యూయార్కు కేంద్రంగా పనిచేసే పాత్రికేయ రక్షణ సంస్థ లెక్క ప్రకారం 2024 డిసెంబరు 1 నాటికి ప్రపంచ కారాగారాలలో 361 మంది పాత్రికేయులున్నారు. చైనా, ఇజ్రాయెల్, మయన్మార్ ఆ పట్టికలో ముందున్నవి. యుద్ధము, తిరుగుబాటు, ఆక్రమణ ఉన్నచోట ‘దేశభద్రత’ అన్న మాట 1930 నాటి మార్షల్ లా వలెనే పనిచేస్తున్నది.

పత్రికాస్వేచ్ఛ పాత్రికేయుల సొంత ఆస్తి కాదు. మగ్గానికి నూలు ధర ఎందుకు పెరిగినదో, కూలి ఎందుకు తగ్గినదో, పేటలో కాల్పులు ఎవరు జరిపినారో తెలుసుకొనే హక్కు చదివేవానిది. చదువరి లేని పత్రికను మూయించుటకు ఏ శాసనమూ అక్కరలేదు. ఈ సత్యాన్ని గ్రహించినందుననే కాబోలు, చెరసాల నుండి విడుదలైన హరిసర్వోత్తమరావు తన శేషజీవితంలో అధికభాగాన్ని గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు అంకితం చేసినారు.

మరాఠీ నేలపై నేతబిడ్డలకు తెలుగు అక్షరాలు దిద్దించిన పాఠశాల 75 సంవత్సరాలుగా చేసిన పని కూడా అదే. ఇచ్చట ఓనమాలు నేర్చినవారందరూ పత్రికలు నడపనవసరం లేదు. ఒక పత్రిక ఒక ఉదయం రాకపోయినప్పుడు ఎందుకు రాలేదని అడిగేవారైతే చాలును. చార్ హుతాత్మా చౌక్‌లోని సంపాదకునికి, కాచిగూడ చెంత నేలకొరిగిన సంపాదకునికి అంతకు మించిన నివాళి లేదు.